ముఖం చూసి విన్న పాట

నా చెవుల మీద నాకున్న పొగరు అంతా ఇంతా కాదు. తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తంలో ఇరవై ఏళ్లు మరమగ్గాల షెడ్డులో పనిచేశాను. ఆ మోత నుంచి బయటపడ్డాక పాటలు వినే పిచ్చి పట్టుకుంది. మంచి ఆంప్లిఫయర్, నా ఛాతీ ఎత్తు స్పీకర్లు కొన్నాను. రెంటినీ కలిపే మామూలు రాగి తీగ తీసేసి వెండి పూత తీగ వేస్తే గాయని గొంతు అడుగు ముందుకొస్తుందని ఎవరితోనైనా వాదించేవాణ్ణి.

బాగాయంలో ఉండే నా స్నేహితుడికి ఈ మాట వింటేనే ఒళ్లు మండేది. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. "కొలిస్తే రెండూ ఒకటేనప్పా. నీకు ఇనపడేది తీగ కాదు, నీ నమ్మకం" అనేవాడు. ఒక ఆదివారం మైకు, ల్యాప్‌టాప్ మోసుకుని పందేనికి వచ్చాడు. స్విచ్చు డబ్బా ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఒకసారి ఈ తీగ, ఒకసారి ఆ తీగ మారుస్తూ "ఇప్పుడేది?" అని అడుగుతాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పాను. వాడి ముఖం మాడిపోయింది.

కాఫీ తెచ్చిన మా ఆవిడ గుట్టు విప్పింది. "అన్నా, ఆయప్ప ఇంటాండేది పాట కాదు, నీ మొగం. తరి నేసినోళ్లకు అదే కదా అలవాటు."

తరి అంటే మగ్గం. మగ్గాలు ఆడుతున్నప్పుడు అరిచినా వినపడదు. పెదాలు, కనుబొమలు చూసే మాట్లాడుకునేవాళ్లం. షెడ్డు వదిలినా ఆ అలవాటు నన్ను వదల్లేదని నాకే తెలియదు. నేను నవ్వేశాను. స్నేహితుడు నవ్వకుండా కుర్చీ తెచ్చి నా వెనక వేసుకున్నాడు.

పాట సాగుతోంది. ఎంతసేపటికీ ప్రశ్న రాదే! విసుగొచ్చి "ఏమప్పా, నిద్రపోయినావా?" అన్నాను. మా ఆవిడ నా ముందుకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "మూడు మాట్లు అడిగినాడు" అంది.

పాట గట్టిగా ఉందని బుకాయించాను. వాడు పాట ఆపి, ల్యాప్‌టాప్‌లో సన్నటి కూత పెట్టి దాన్ని ఇంకా ఇంకా సన్నం చేస్తూ పోయాడు. మా ఆవిడ చెవులు మూసుకుంది. నాకు మాత్రం గదిలో చడీచప్పుడూ లేదు. "ఇనపడతాండాది" అన్నాను. పచ్చి అబద్ధం.

ఆ వారమే మా ఆవిడ నన్ను వేలూరుకు చెవి పరీక్షకు లాక్కెళ్లింది. చిన్న గది, దానికో గాజు కిటికీ. నన్ను లోపల కూర్చోబెట్టి తలుపు మూశారు. పరీక్ష చేసే అమ్మాయి కిటికీ అవతల తల వంచుకుని కూర్చుంది. చూడ్డానికి ముఖమే లేదు. శబ్దం వినపడితే మీట నొక్కాలి. నొక్కాను. మళ్లీ నొక్కాను. సన్నగా, ఎంతో స్పష్టంగా వినపడింది, ఒట్టు. ఆ అమ్మాయి తలుపు తెరిచి, "సార్, నాన్ సత్తమే పోడలైయే" అంది. తను ఇంకా శబ్దమే పెట్టలేదట.

వినపడకపోతే వయసైందని సర్దుకోవచ్చు. లేనిది అంత బాగా వినపడితే ఇక దేన్ని నమ్మేది?

చివరికి పరీక్ష ముగించి ఇచ్చిన కాగితం మీద నా వినికిడి గీత సన్నటి శబ్దాల దగ్గర నిట్టనిలువునా కిందికి జారింది. మోతలో పనిచేసిన చెవులింతే, పోయింది తిరిగి రాదని ఆ అమ్మాయి చెప్పింది.

తిరుగు బస్సులో మా ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. బయటికి చూస్తోంది, దవడ కదులుతోంది. ఆమె భుజం పట్టి నా వైపు తిప్పుకున్నాను.

"ఇట్ల తిరిగి మాట్లాడు. నాకు భయంగా ఉండాది."

"నాకెప్పుడో తెలుసు. ఏమన్నా చెప్పాలంటే పొయ్యి మింద కూర వదిలేసి నీ ముందరికి వచ్చేది ఎందుకనుకున్నావు?"

"ముందరికి రాకుండా చెప్పినవి?"

"అవి నీకు ఇనపడవని తెలిసే చెప్పుకున్నా" అని మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

ఊరు వచ్చేదాకా ఆమె దవడనే చూస్తూ కూర్చున్నాను, ఎక్కడ కదులుతుందోనని.