బోణీ దాకా బాబాయ్

ఏడో తరగతిలో చదువు నన్ను వదిలేసింది. నేనే దాన్ని వదిలేశానని మా ఇంట్లో చెప్పుకుంటారు గానీ, అది ఇద్దరం ఇష్టపడి విడిపోయిన వ్యవహారం. తర్వాత ఆ పనీ ఈ పనీ చేసి, మీసం గట్టిపడ్డాక రాజమండ్రిలో ఒక చీరల కొట్లో గుమాస్తాగా చేరాను. తొంభైల చివరి రోజులవి.

మా షావుకారు గారి మెడ చూడదగ్గది. కస్టమరు వైపు తిరిగితే ‘అండి’, మా వైపు తిరిగితే ‘ఏరా’. ఒకే వాక్యంలో రెండుసార్లు తిరిగేది. “కూర్చోండమ్మా, మంచి బోర్డరు చూపిస్తాం, ఏరా దున్నపోతా, వినపడలా?” అనేవారు ఊపిరి తీసుకోకుండా. తిట్టు నాకే అయినా ఎదురుగా ఉన్న ఆడవాళ్లు కూడా ఓసారి ఉలిక్కిపడి సర్దుకు కూర్చునేవారు. నాకైతే ఆ తిట్లు ఒంటికి పట్టేవి కావు. బడిలో మాస్టార్ల దగ్గర తర్ఫీదు పొందినవాణ్ణి. పట్టేది మా గురువుగారికి.

గురువుగారంటే కొట్లో ఉన్న ముగ్గురు గుమాస్తాల్లో పెద్దాయన. నాకు చీర మడత నేర్పిన మనిషి కాబట్టి అలా పిలిచేవాణ్ణి. షావుకారు గారి నాన్నగారి రోజుల్లో చేరారు. ఈ షావుకారు గారిని నిక్కర్ల వయసులో భుజానికెత్తుకుని గోదావరి గట్టు మీద తిప్పిన మనిషి. ఇప్పుడు కళ్లకి శుక్లాలు దిగుతున్నాయి. ముదురాకుపచ్చ అడిగితే నలుపు తీసేవారు. అంతే, పదిమంది ఆడవాళ్ల ముందు, “గుడ్డోడా, నీకు కూడెవడు పెడతాడ్రా” అని పడేది. ఆయన చీర మడతపెడుతూ నవ్వేవారు. ఆ నవ్వు చూడలేక నేను ర్యాకుల వైపు తిరిగేవాణ్ణి.

అయితే రోజూ కాసేపు మా కొట్లో స్వర్గం ఉండేది. తలుపులు తీసిన దగ్గర్నుంచి బోణీ అయ్యేదాకా. మొదటి బేరం కుదరకముందు నోటివెంట చెడ్డమాట వస్తే లక్ష్మీదేవి ఆ రోజుకి గుమ్మం ఎక్కదని షావుకారు గారికి వాళ్ల నాన్నగారు నూరిపోశారు. ‘లేదు’ అన్న మాట కూడా నిషేధమే. అందుకని సెలవులన్నీ మేం అప్పుడే అడిగేవాళ్లం. ఆయన కళ్లు మూసుకుని “చూద్దాం నాయనా” అనేవారు. ఆ కాసేపూ నేను ‘నాయన’ని, గురువుగారు ‘బాబాయ్’. మొదటి నోటు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వెయ్యగానే మళ్లీ దున్నపోతు, గుడ్డోడు.

ఒక శ్రావణమాసంలో, మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నాక, గురువుగారు అన్నం కలపకుండా కూర్చుండిపోయారు. ఆయన కూతురికి ఆ వేసవిలోనే పెళ్లయింది. మర్నాడు వియ్యపురాలు గారు కోడల్ని వెంటబెట్టుకుని రామచంద్రపురం నుంచి మా కొట్టుకే చీర కొనడానికి వస్తున్నారట. అన్నయ్యగారి కొట్టుండగా వేరేచోటికి ఎందుకు అన్నారట ఆవిడ. కొట్టంతా తన చేతి మీదే నడుస్తుందని ఈయన పెళ్లి మాటల్లో ఎక్కడో అనేశారు మరి.

“ఆవిడ ముందు ఆయన నన్నేమన్నా అంటే, రేపు ఆ ఇంట్లో ఏ చిన్న మాటొచ్చినా మా అమ్మాయికి అదే ఎత్తిపొడుపవుద్దిరా,” అన్నారు. “నాకంటే అలవాటే. ఆ ఒక్కపూట అనకుండా చూడగలవా?”

మూడేళ్లలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే. నా ఉపాయం తేలిక. బస్సు పదింటికల్లా వస్తుంది. అప్పటిదాకా బోణీ కానివ్వకూడదు.

శ్రావణమాసంలో బేరం చెయ్యడం కన్నా బేరం పోగొట్టడం కష్టమని మర్నాడు తెలిసింది. ఒకావిడ గంధం రంగు చీర భుజాన వేసుకుని మురిసిపోతుంటే, “చీర బాగుందండి, అందులో మీరే కనపడట్లేదు” అన్నాను. ఒకాయన లుంగీకి వచ్చారు. లుంగీ ప్రమాదం, చూడ్డం, కొనడం ఒకేసారి అయిపోతాయి. ఒకసారి ఉతికితే తువ్వాలు, రెండోసారికి జేబురుమాలు అని చెవిలో చెప్పి పంపించాను. షావుకారు గారు గల్లా దగ్గర్నుంచి అన్నీ చూస్తున్నారు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం రావడం లేదు. చివరికి, “నాయనా, కాస్త మంచి సరుకు చూపించు నాయనా,” అన్నారు. ఆ రెండో నాయనలో మా వంశం మొత్తం ఉంది.

పదైంది. పదిన్నరైంది. బస్సు జాడ లేదు. పదకొండు దాటేసరికి షావుకారు గారు పొంగొచ్చిన ఎసరు మీద మూతలా ఎగిరెగిరి పడుతున్నారు. అప్పుడు దిగారు అత్తాకోడళ్లు.

“రండమ్మా. బాబాయ్, అమ్మగారికి నెమ్మదిగా చూపించు,” అన్నారు షావుకారు గారు.

బోణీ కాలేదుగా. వియ్యపురాలు గారి మొహం విచ్చుకుంది. యజమాని మీ నాన్నగారిని బాబాయ్ అంటున్నారు చూశావా అని కోడలికి చెప్పారు. అమ్మాయి తలొంచుకుని పరుపు మీద దుప్పటి సర్దుతూ కూర్చుంది.

ఆవిడ నెమలికంఠం రంగు అడిగారు. గురువుగారి చెయ్యి నల్లదాని మీదికి వెళ్లింది. నేను పక్కనుంచి సరైనది అందించాను. ఆయన దాన్ని వేళ్లతో తడుముతూ నేత గురించీ, జరీ గురించీ చెబుతుంటే నేనూ కొనేసేవాణ్ణి. కళ్లు మోసం చేసినా ఆ వేళ్లు చెయ్యలేదు. ఆవిడకి నచ్చింది. డబ్బిచ్చారు. షావుకారు గారు నోటు కళ్లకద్దుకున్నారు.

అప్పుడు వెలిగింది నాకు. వాళ్లొచ్చేదాకా బోణీ ఆపాను సరే, వాళ్లు కొంటే అదే బోణీ కదా. ఇక ఆ నోరు తెరుచుకునేది వాళ్ల ముందే. ఏడో తరగతి బుర్ర అక్కడిదాకా వెళ్లలేదు.

గల్లాపెట్టె మూత పడింది. గురువుగారు చీర కవర్లో పెడుతున్నారు. నెమలికంఠం పరుపు మీదే ఉంది. కవర్లోకి వెళ్తున్నది నల్లది. షావుకారు గారు చూశారు. పొద్దుటినుంచి మింగినవన్నీ గొంతులోకి ఎక్కడం నాకు కనపడింది.

నేను ర్యాకు పై అరలో చెయ్యి పెట్టి లాగేశాను. అరలోని చీరలన్నీ నా నెత్తి మీదుగా జారి నేల మీద పడ్డాయి. గురువుగారి వైపు బయల్దేరిన ‘ఏరా’ దారిలో నా వైపు తిరిగింది.

రెండు గంటల నిల్వ సరుకు. దున్నపోతుతో మొదలై, అడ్డగాడిద మీదుగా, నన్ను కన్నవాళ్ల దాకా వెళ్లారు. పోయిన ప్రతి బేరం గుర్తుపెట్టుకున్నారు, లుంగీతో సహా. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. కన్నవాళ్ల దగ్గర మాత్రం ఒంటికి పట్టింది, దాచుకోవడం ఎందుకు.

వియ్యపురాలు గారు గురువుగారికేసి జాలిగా చూశారు. “ఇలాంటివాళ్లతో ఎలా వేగుతున్నారో అన్నయ్యగారూ.”

“మంచివాడేనండి చెల్లెమ్మగారూ, కాస్త చెయ్యి దురుసు,” అన్నారు ఆయన, నావైపు చూడకుండా.

ఆవిడ రోడ్డు మీద రిక్షా బేరమాడుతుంటే అమ్మాయి గుమ్మం దగ్గర నా పక్కన ఆగింది. కవర్లోంచి నెమలికంఠం అంచు కనపడుతోంది. ఆ గోలలో తనే మార్చేసుకుంది.

“నాన్నకి చెప్పకండి అన్నయ్యా,” అంది మెల్లగా. “చిన్నప్పుడు నేనే క్యారేజీ తెచ్చేదాన్ని. లోపల అరుపులయ్యేదాకా ఈ మెట్ల మీద కూర్చుని, అప్పుడే వచ్చినట్టు ‘నాన్నా’ అని పిలిచేదాన్ని.”

నేను తలూపి, కవరు అందుకుని రిక్షాలో పెట్టాను.

మర్నాడు మేం చెప్పులు విప్పేలోపే షావుకారు గారి భార్య వచ్చి ఒక రవికగుడ్డ కొనుక్కుని వెళ్లారు. ఆ తర్వాత రోజూ అంతే. ఆవిడ బీరువా నిండింది, మా స్వర్గం మూతపడింది.

అత్తాకోడళ్లు వచ్చి వెళ్లిన రోజు మధ్యాహ్నం మాత్రం గురువుగారు ఆకలిగా అన్నం కలిపారు. గోంగూర పచ్చడి సగం నా గిన్నెలో పెట్టి, “గుమ్మం దగ్గర అమ్మాయి నీతో ఏదో అంటోంది, ఏంటిరా?” అన్నారు.

“నాన్నగారి కొట్టు బాగుందన్నారండి.”

“నాన్నగారి కొట్టు అందా?”

“అన్నారండి.”

ఆయన మిగతా పచ్చడి కూడా నా గిన్నెలోకే వంపేశారు.