పత్తిగింజలకు కొన్న బిడ్డ

ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే మిల్లును అందరూ జిన్ను అనేవాళ్లు. పంతొమ్మిది వందల యాభైల్లో, నాకు పెళ్లి కాకముందు, అలాంటి ఒక జిన్నులో పసిపిల్లల గదిని చూసుకునే ఉద్యోగం చేశాను. మాది ఎమ్మిగనూరు, మా నాన్న బడిపంతులు. బడిపంతులు కూతురు జిన్నులో పనికి పోవడమేమిటని మా అవ్వ అలిగి అన్నం మానేసింది. నేను బతిమాలలేదు. ఆకలేసి తనే తినేసింది, నేను బస్సెక్కాను.

ఆ గది జిన్ను యజమాని షావుకారి భార్య పట్టుబట్టి కట్టించింది. కోసిగి వైపు వానల్లేక పంట పోయినవాళ్లు పత్తి కాలంలో పిల్లాపాపలతో ఆదోనికి వచ్చి జిన్నుల్లో చేరేవాళ్లు. తల్లులు మిషన్ల ముందు కూర్చుని పత్తి అందిస్తుంటే, పసివాళ్లు పక్కనే పత్తి కుప్పల మీద పడుకునేవాళ్లు. చూడ్డానికి మెత్తని పరుపే. కానీ గాలి నిండా పత్తి నూగు. వాళ్ల కనురెప్పల మీదా ముక్కుల్లోనూ అదే. మిషన్ల మోతలో కూడా ఆ దగ్గు వినిపించేది.

ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లలకొక గది ఉండాలని సర్కారు చట్టం తెచ్చిందట. కొందరు యజమానులు ఒక కొట్టు గోడకు బోర్డు తగిలించి చేతులు దులుపుకున్నారు. మా షావుకారూ ఆ పనే చేసేవాడు, ఆమె ఊరుకుంటే. మన పత్తి పీల్చి వాళ్ల పిల్లలు దగ్గుతుంటే, మనం తిన్నది మన ఒంటికి ఎలా పడుతుందని రోజూ భోజనం దగ్గర అడిగేదట. ఇప్పుడు ఇలాంటివాటికి సామాజిక బాధ్యత అని పెద్ద పేరు పెట్టారు. ఆ రోజుల్లో అది ఒక భార్య పెట్టిన పోరు, అంతే.

ఆమె టేకు ఉయ్యాలలు చేయించింది. మా ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన మెత్తని దుప్పట్లు తెప్పించింది. గది తెరిచిన రోజు ప్రతి ఉయ్యాలకూ తన చేత్తో పసుపు రాసి కుంకుమ పెట్టింది. నేను పాలు కాచుకుని గడప దగ్గర కూర్చున్నాను. ఒక్క బిడ్డా రాలేదు.

మర్నాడూ రాలేదు. ఆ వారమంతా రాలేదు. నాకు ముందే నోరు ఆగదు. మిషన్ల దగ్గరికి పోయి, కళ్లు కనపడటం లేదా, బిడ్డల్ని ఈ నూగులో పడేసుకుంటారా అని అరిచాను. వాళ్లు తల వంచుకుని పత్తి అందిస్తూనే ఉన్నారు. ఉగాది లోపల పిల్లలు రాకపోతే ఆ గదిలో బస్తాలు వేసుకుంటానని షావుకారు చెప్పేశాడు.

చివరికి నీళ్లు పోసే ముసలామె నన్ను పక్కకు పిలిచి సంగతి చెప్పింది. ఉయ్యాలకు మొదటి బొట్టు పిల్లల తల్లి పెట్టాలి. షావుకారమ్మకు పిల్లలు లేరు. ఆమె చెయ్యి తగిలిన ఉయ్యాలలో బిడ్డను వేస్తే ఏమవుతుందోనని వాళ్ల భయం. ఆ మాట ఆమెతో అనలేరు, అనకుండా బిడ్డను వేయలేరు. నాకు ఒళ్లు మండింది. కానీ ఎవరి మీద మండాలి? మా ఇంట్లోనూ అదే పద్ధతి. మా అవ్వ అక్కడ ఉంటే ఆమే అందరికంటే ముందు బిడ్డను లాక్కునేది.

ఆ సాయంత్రం షావుకారమ్మ వచ్చింది. ఖాళీ ఉయ్యాలల్ని చూసింది. ఎండ వల్లేమో, అలవాటు లేకేమో అని నేనేదో నసిగాను. ఆమె విని, మెల్లగా అంది.

"నా సెయ్యి పడినందుకే గదా?"

ఆమె ఉయ్యాలల మీది బొట్లు కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. ఎవరైనా పిల్లల తల్లితో మళ్లీ పెట్టించమని, తానిక ఈ గదిలోకి రానని చెప్పింది. అంత ఆశపడి కట్టించుకున్న గది అది.

కోసిగి నుంచి వచ్చిన ఒకామె పాలివ్వడానికని పని ఆపి, అప్పటికే కిటికీ బయట కూర్చుని ఉంది. ఒళ్లో దగ్గుతున్న ఆడబిడ్డ. అంతకుముందు ఆమెకు పుట్టిన ఇద్దరూ పోయారు. ఆమె అన్నీ విన్నట్టుంది. లేచి లోపలికి వచ్చి బిడ్డను షావుకారమ్మ ముందు నేల మీద పడుకోబెట్టింది.

"ఈ బిడ్డను కొనుక్కో అమ్మా. నా బిడ్డంటే నిలబడేట్ల లేదు. నీ బిడ్డయితే బతుకుతాదేమో."

మా వైపు పిల్లలు పుట్టి పోతున్న ఇళ్లల్లో ఒక ఆచారం ఉండేది. బిడ్డను ఇంకొకామెకు ఇచ్చేసి, తర్వాత చేటెడు తవుడిచ్చి కొనుక్కుంటారు. బిడ్డ ఇక ఆ తల్లిది కాదు కాబట్టి చావు దాని జోలికి రాదని నమ్మకం. అయితే ఇక్కడ కన్నతల్లి ఊరికే ఇవ్వడం లేదు, అమ్ముతోంది. షావుకారమ్మ కొంగుతో తుడవడం ఆపేసి, ఏమిచ్చి కొనాలని అడిగింది. కన్నతల్లి వాకిట్లో ఆరబోసిన పత్తిగింజలు చూపించింది. షావుకారమ్మ పోయి దోసెడు గింజలు తెచ్చి కన్నతల్లి కొంగులో పోసింది. తొందరలో సగం నేల మీదే పడ్డాయి.

తర్వాత బిడ్డను ఎత్తుకుని, తన బిడ్డను తానే ఉయ్యాలలో వేసింది. ఇప్పుడామె పిల్లల తల్లి. గుమ్మం దగ్గరికి చేరిన ఆడవాళ్లు ఆ చిక్కు అంత సులువుగా విడిపోవడం చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మర్నాటికి ఉయ్యాలలు చాలక చీరలు కట్టాల్సి వచ్చింది. నాకు కూర్చునే తీరిక పోయింది.

ఎండాకాలమంతా ఆ బిడ్డ దగ్గు తగ్గుతూ వచ్చింది. తొలకరికి అందరూ ఊళ్లకు బయల్దేరారు. కన్నతల్లి బిడ్డను చంకనెత్తుకుంటే, తవుడిచ్చి కొనుక్కోవా అని నేనే గుర్తు చేశాను.

"అమ్మినదాన్ని మల్ల యాడ కొంటానమ్మా? ఊరికి తోడుకపోతాండా, సాకేకి. మల్ల తెస్తా."

ఆ వానాకాలం కోసిగి వైపు జ్వరాలన్నారు. అటు నుంచి బండి వచ్చిందంటే చాలు, షావుకారమ్మ మనిషిని పంపి అడిగించేది. ఎవరికీ తెలియదు. ఆమె తినీ తినక చిక్కిపోయింది. నేను ధైర్యం చెబుతూనే ఉన్నాను గానీ, నాకూ నమ్మకం లేదు.

మళ్లీ జిన్ను మొదలైన రోజు షావుకారమ్మ పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడింది. కోసిగి వాళ్లు మూటలతో వచ్చారు. వాళ్ల మధ్యలో ఆ పిల్ల, కన్నతల్లి వేలు పట్టుకుని తప్పటడుగులు వేస్తూ వచ్చింది.

"పో, మీయమ్మ ఆడుండాది," అని కన్నతల్లి తన వేలు విడిపించుకుంది.

పిల్ల గుర్తుపట్టలేదు. గుక్కపట్టి ఏడ్చింది. షావుకారమ్మ ఆ ఏడుస్తున్నదాన్నే ఎత్తుకుని, ముక్కు తుడిచి, బిడ్డ ఇంత బక్కపడిందేమని కన్నతల్లిని అందరి ముందూ తిట్టింది. కన్నతల్లి తల వంచుకుని, నవ్వు దాచుకుంటూ ఆ తిట్లన్నీ పడింది.