చైనా వేర్లు, అవ్వ చెయ్యి

బోధన్ బస్సులో నా సంచిలోంచి వస్తున్న చేదు వాసనకు పక్కసీటు అవ్వ తిరిగి చూసింది.

"గదేంది బిడ్డా?"

"చైనా వేర్లు అవ్వా. కషాయం కాసుకోవాలె. డిప్రెషన్‌కు."

"గదేం బిమారి?"

నాకు తెలుగు మాట దొరకలేదు. "తినబుద్ధి కాదు, మాట్లాడబుద్ధి కాదు. పొద్దుగాల లేవబుద్ధి గూడ కాదు" అన్నాను. ఇంట్లో ఇదే చెబితే "జ్వరం లేదు, గిరం లేదు, మంచిగనే ఉన్నవ్" అనేవాళ్లు.

"అయ్యో, పానం మంచిగ లేదన్నట్టు" అంటూ అవ్వ నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "డాక్టర్ గోలీలు ఏసుకుంటున్నవా? ఇడ్సిపెట్టకు. గీ వేర్ల సంగతి గూడ ఆయన్నే అడుగు."

తర్వాత డాక్టర్‌ను అడిగాను. గోలీలతో అవి కలపొద్దన్నారు. గోలీలే వేసుకున్నాను, మెల్లగా తేరుకున్నాను.

ఆ రోజు నా నుదురు చల్లగానే ఉంది. అయినా "జ్వరం లేదు, మంచిగనే ఉన్నవ్" అని మాత్రం అవ్వ అనలేదు.