మైకులో పిలిచిన పేరు

మా పెదనాన్న కొడుకుదీ నాదీ ఒకటే పేరు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. మా తాత సముద్రంలో పోయిన ఏడాదే మూడు నెలల తేడాతో ఇద్దరం పుట్టాం, ఇద్దరికీ తాత పేరే పెట్టేశారు. మా పేటలో ఇదేం వింత కాదు. ఒకే పేరువాళ్లు వీధికి నలుగురుంటారు. పెద్దోడు, సిన్నోడు అని పిలుచుకుంటే పని జరిగిపోతుంది. అతను పెద్దోడు, నేను సిన్నోడిని. మూడు నెలల పెద్దరికాన్ని అతను బతికినన్నాళ్లూ వాడుకున్నాడు.

అతని మీద నాకు అసూయ. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు. అతను ఆరడుగుల మనిషి, నేను నిక్కి నిక్కి నిలబడినా అతని భుజం దాటను. పడవ ఒడ్డుకి లాగేటప్పుడు అతను చెయ్యి వేస్తేగాని మిగతావాళ్లు కేక అందుకునేవారు కాదు. నేను డిగ్రీ చదివాను, వ్యాయామ విద్య చదివాను, నరసన్నపేట దగ్గర హైస్కూల్లో పీఈటీ ఉద్యోగం సంపాదించాను. అయినా పేటకి వెళ్తే నన్ను "పెద్దోడి తమ్ముడు" అనే అనేవారు.

ఓ వేసవి ఉదయం అతను వల దులుపుతూ ఇసుకలో కూలబడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయాడు. నేను ఏడ్చాను, అది అబద్ధం కాదు. కాని మూడో రోజుకే రోడ్డు మలుపు నుంచి రామమందిరం దాకా అతని ఫ్లెక్సీలు లేచాయి. "రాష్ట్ర ఉత్తమ రైడర్, కబడ్డీ వీరుడు" అని పెద్ద అక్షరాలు. ఏడుపు ఆపి ఎన్ని ఫ్లెక్సీలున్నాయో లెక్కపెట్టాను. ఆరు. నేను పోతే మా స్కూల్లో ఓ సంతాప తీర్మానం చేసి మధ్యాహ్నం నుంచి సెలవిస్తారు, అంతే.

పేట హైస్కూల్లో అప్పుడే కొత్త కబడ్డీ కోర్టు కడుతున్నారు. దానికి అతని పేరు పెట్టి, బోర్డు మీద ఆ బిరుదు కూడా రాయించాలని కుర్రకారు పట్టుబట్టారు. హెడ్మాస్టరు జాగ్రత్తపరుడు. ఆధారం లేకుండా స్కూలు గోడ మీద ఏదీ రాయించనన్నాడు. ఒకే జట్టులో ఆడినవాడిని, ఒకే ఇంటివాడిని, పైగా వ్యాయామం మాస్టారిని కాబట్టి నన్నే విచారించి రెండు ముక్కలు రాసిమ్మన్నాడు. నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకంటే ఆ బిరుదు అతనిది కాదని నాకు గట్టి నమ్మకం. ఆ సర్టిఫికెట్ నా ట్రంకు పెట్టెలో ఉంది.

సంగతి ఇదీ. నేను ఇంటర్ చదివే రోజుల్లో మేమిద్దరం జిల్లా జట్టుకి ఎంపికై రాష్ట్ర పోటీలకు వెళ్లాం. ఫైనల్లో ఆఖరి కూత నాది. ఒక్క కూతలో ముగ్గుర్ని తాకి వచ్చాను. మా జట్టు గెలిచింది, నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. సాయంత్రం మైకులో ఉత్తమ రైడర్ అని ఓ పేరు పిలిచారు. ఇద్దరం లేచి నిలబడ్డాం. మా జట్టు మేనేజరు మాస్టారు మమ్మల్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంతలో కుండపోతగా వాన. టెంటు కూలిపోయింది, సర్టిఫికెట్లు తర్వాత పంపిస్తామన్నారు, మేం రైలు కోసం పరిగెత్తాం.

దారంతా నాదంటే నాదని వాదించుకున్నాం. ఇద్దరి చిరునామాగా నేను రాసిచ్చిన మా కాలేజీకి నెల తర్వాత ఓ కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలు, రెంటి మీదా ఒకటే పేరు. ఒకటి ఉత్తమ రైడర్‌ది, రెండోది ఊరికే పోటీల్లో పాల్గొన్నందుకు. రెండూ ఇంగ్లీషులో ఉన్నాయి. ఏది ఎవరిదని నన్ను నేనే ప్రశ్నించుకుని, నాకు నచ్చిన జవాబు చెప్పుకున్నాను. రెండోది తీసుకెళ్లి అతనికిచ్చాను.

"ఇది మైకులో సెప్పినదేనేటిరా?" అని అడిగాడు. అతను ఏడో తరగతితో బడి మానేసినవాడు.

"పేరు నీదే కదా, సూసుకో," అన్నాను.

అతను పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకున్నాడు. టౌనుకి వెళ్లి దానికి ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించాడు. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ ఇంగ్లీషు చదివి లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. నా కాగితం చూపించి వ్యాయామ విద్యలో క్రీడా కోటా కింద సీటు తెచ్చుకున్నాను. పేటలో మాత్రం దాన్ని ఎవరికీ చూపించలేదు. అది నా వినయమని చాలా ఏళ్లు అనుకున్నాను.

నిజానికి హెడ్మాస్టరు అడగగానే నా కాగితం ఒక్కటే చూపించి ఊరుకుంటే సరిపోయేది. కాని సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందనిపించింది. ఇంకొకరి నోటితో చెప్పించాలి. మా మేనేజరు మాస్టారు రిటైరై గరివిడిలో కొడుకు దగ్గర ఉంటున్నాడని తెలిసి, ఆమదాలవలసలో పాసింజరెక్కి వెళ్లాను. రైల్లో నేను రాయబోయే వాక్యాలు కూడా అనుకున్నాను. "స్వర్గస్థులైన మా సోదరుడు మంచి ఆటగాడే గాని" అని మొదలుపెట్టాలి. ఆ "గాని" దగ్గర నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మాస్టారికి చూపు మందగించింది, జ్ఞాపకం మందగించలేదు. పెద్దోడు పోయాడనీ, బోర్డు సంగతీ చెప్పాను. తర్వాత కోడలి చేత అటక మీది సంచీ దింపించాడు. మా జట్టు ఆడిన ప్రతి ఆటలో ఎవరెన్ని పాయింట్లు తెచ్చారో ఆయన సొంతంగా నోటు పుస్తకాల్లో రాసుకునేవాడట. ఆ ఏడాది పుస్తకం చెదలు తినగా మిగిలింది. నన్నే చదవమన్నాడు.

మా పేరు రెండుసార్లు ఉంది. ఒకదాని పక్కన "పొడుగు", రెండోదాని పక్కన "పొట్టి" అని రాసి ఉంది.

"ఒకే పేరుతో ఇద్దరొస్తే నానేటి సేసీది మరి," అన్నాడాయన.

మొదటి ఆట నుంచి చూసుకుంటూ వచ్చాను. పొడుగు దగ్గర గీతలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. పొట్టి దగ్గర మొదటి రెండు ఆటల్లో ఒక్కొక్కటి, తర్వాత "కాలు బెణికింది, కూర్చున్నాడు". సెమీఫైనల్లో అసలు లేను. ఫైనల్లో చివర్లో మూడు గీతలు. అవే ఆ ముగ్గురు. ఆ మూడు గీతల మీద నేను నలభై ఏళ్లు బతికాను. కాలు బెణికిన సంగతి నేను నిజంగానే మరిచిపోయాను. అంత తేలిగ్గా ఎలా మరిచిపోయానో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

"ఆ బహుమానం పొడుగోడిది," అన్నాడు మాస్టారు. "ఆ వేళే సెప్దామనుకున్నాను, వాన తగులుకున్నాది. అన్నదమ్ములు కదా, మీలో మీరు సూసుకుంటారులే అనుకున్నాను."

తిరుగు రైల్లో నాకు సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది. ఇక్కడ కూడా వీడే గెలవాలా అనిపించింది. పోయినవాడి మీద, అదీ నేనే మోసం చేసినవాడి మీద, అంత కోపం వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకున్నా కోపం పోలేదు.

హెడ్మాస్టరుకి ఉత్తరం రాశాను. మొదటి పేరా, బిరుదు అతనిదే, మేనేజరుగారి పుస్తకం చూశాను, బోర్డు మీద నిరభ్యంతరంగా రాయించవచ్చు అని. అది పది నిమిషాల్లో అయిపోయింది. రెండో పేరాకి మూడు రోజులు పట్టింది. ఆ సర్టిఫికెట్ నా దగ్గరుందనీ, దానితోనే నేను సీటు తెచ్చుకున్నాననీ రాశాను. నాకింకా రెండేళ్ల సర్వీసుంది, ఇది బయటపడితే ఉద్యోగమే పోవచ్చు. సర్టిఫికెట్‌ని కూడా జతచేసి పట్టుకెళ్లాను. హెడ్మాస్టరు రెండుసార్లు చదివి, అద్దాలు తీసి తుడుచుకున్నాడు. బోర్డుకి మొదటి పేరా చాలంటూ కాగితాన్ని అక్కడికి మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. సర్టిఫికెట్ మాత్రం తిరిగిచ్చి, ఎవరిది వారికి ఇచ్చుకోండి మాస్టారూ అన్నాడు.

పెద్దోడి భార్య, మా వదిన, ఇంటి ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. ఆమె పక్కన ఇసుకలోనే కూర్చుని మొత్తం చెప్పాను. మైకు, వాన, కవరు, నేను అన్న మాట, గరివిడిలో చూసిన పుస్తకం, ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె చేతులు చీర కొంగుకి తుడుచుకుని కాగితం తీసుకుంది, చదవడం రాదు గనక కాసేపు అటూ ఇటూ తిప్పింది.

"ఈ కాయితం మాకాడుంటే ఆయనకీ ఉజ్జోగం వచ్చీదేటి బాబూ?" అంది.

సీటుకి డిగ్రీ కూడా ఉండాలి, అతను చదవలేదు కదా అని చెప్పవచ్చు. అది నిజమే. కాని ఆ రోజుల్లో ఇలాంటి బహుమతి కాగితం ఒక్కటి చూపించి పోలీసుల్లోనో రైల్వేలోనో చేరినవాళ్లు మా జట్టులోనే ఇద్దరున్నారు. వాళ్లు పదో తరగతి కూడా గట్టెక్కలేదు.

"వచ్చీది వదినా," అన్నాను.

ఆమె మళ్లీ చేపల దగ్గరికి వంగింది. ఓ వరస తిరగేసింది, రెండో వరస తిరగేసింది. నేను లేవబోయాను.

"నువ్వు పేంటు చొక్కా ఏసుకుని వచ్చినప్పుడల్లా నీ ఉజ్జోగం సూసి కుళ్లుకునీవోడు బాబూ మీ అన్న," అంది, తల ఎత్తకుండానే. "తమ్ముడు కష్టపడి సంపాదించుకున్నాడు, నీకెందుకా ఏడుపని నానే తిట్టీదాన్ని."