రికార్డులో వినబడని భివండి

ఆ రోజు మా బిడ్డ సరితను చేర్యాల బస్సెక్కించడానికి సిద్దిపేట బస్టాండుకు వెళ్లాను. తను కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలాక చూసుకుంటే వాళ్లమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా నా చేతిలోనే ఉంది. "సరితా!" అని కేకేశాను. నోరు తెరుచుకుంది, గాలి వచ్చింది, మాట రాలేదు. పక్కన పల్లీలు అమ్మే ఆమె అరిచి బస్సు ఆపింది.

నాకది చావులాంటి అవమానం. ఎందుకంటే నా గొంతు మీద నాకు పొగరుండేది. కుల సంఘం మీటింగుల్లో మైకు అక్కర్లేని మనిషిని. అంతకు కొన్ని నెలల ముందు నుంచే గొంతు బొంగురుపోతూ ఉంది. జలుబు అనుకున్నాను. మా ఆవిడ రాజవ్వ మిరియాల పాలు పోసింది, మా వాడకట్టు డాక్టరు మాత్రలిచ్చాడు, నేను బీడీలు తాగుతూనే బొంగురు తగ్గాలని కోరుకున్నాను. మూడు వారాలకు తగ్గని బొంగురును ఎవరూ మోసుకు తిరగొద్దని నాకప్పుడు చెప్పినవాళ్లు లేరు.

సిద్దిపేట ఈఎన్‌టీ డాక్టరు ముక్కులోంచి స్కోప్ పెట్టి చూసి, "వోకల్ కార్డ్ మీద గ్రోత్ ఉంది. బయాప్సీ చేయాలి, హైదరాబాద్ వెళ్లండి" అన్నారు. అక్కడ బయాప్సీ, సీటీ స్కాన్ అయ్యాక పెద్ద డాక్టరు ఫైలు చూస్తూ అడిగారు.

"బీడీ అలవాటుందా?"

"బందు జేసిన సార్."

"ఎప్పుడు?"

"మొన్న."

ఆయన నవ్వలేదు. "కేన్సర్ లారింక్స్. టోటల్ లారింజెక్టమీ చేయాలి. వాయిస్ బాక్స్ మొత్తం తీసేసి, మెడ దగ్గర రంధ్రం పెడతాం. ఇక ఊపిరి అక్కడి నుంచే."

"మళ్ల మాటొస్తదా సార్?"

"పాత గొంతు రాదు. ప్రాణం దక్కుతుంది. ముందు దాని సంగతి చూద్దాం."

ఇంటికొచ్చిన రోజే సరిత పాత ఫోనొకటి నా ముందు పెట్టింది. "బాపు, ఆపరేషన్ అయ్యేలోపల నీ బతుకంత చెప్పు. నీ గొంతుతోని మాకుండాలె."

"నేనేమన్న మంత్రినా, నా బతుకు రికార్డు జేసుకోనీకి?"

"మంత్రులయి మాకెందుకు? నీది గావాలె." లేచి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "నన్ను నాయినమ్మ దగ్గర ఎందుకిడిసిపెట్టిన్రో, గది గూడ చెప్పు బాపు. చదువు కోసమని మాత్రం చెప్పకు."

ఆ ప్రశ్న ఆమె పెళ్లికి ముందు నుంచీ అడుగుతున్నదే. మేం బొంబాయి పక్కన భివండిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతికే రోజుల్లో, నాలుగేళ్ల పిల్లను సిద్దిపేటలో మా అమ్మ దగ్గర వదిలేసి వెళ్లాం. అడిగినప్పుడల్లా చదువు అనేవాళ్లం. ఆమె నమ్మేది కాదు. భారమై వదిలేశామనుకుంటూ పెరిగింది.

సరిత అంగన్‌వాడీ టీచరు, సెలవు దొరకదు. ఫోన్‌లో ఏ బొత్తం నొక్కాలో వాళ్లమ్మకు నేర్పి వెళ్లిపోయింది. రాజవ్వ నా ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది, నేను చెప్పేవాణ్ణి. మా నాయిన మగ్గం గుంట, నాలుగో తరగతిలో బడి మానడం, పెళ్లి, బొంబాయి రైలు. గొంతు గీరుకుపోతున్నా ఆపలేదు. భివండి దాకా వచ్చాక ఆమె నవ్వింది, ఏడ్చింది, నా మోకాలి మీద ఒకటి వేసింది. మొత్తం చెప్పేశానని ఎంత తృప్తిగా ఆపరేషన్‌కు వెళ్లానో!

ఆపరేషన్ బాగానే అయింది. తిండికి ముక్కులో రైల్స్ ట్యూబ్, ఊపిరికి మెడలో రంధ్రం. దగ్గితే కఫం నోట్లోంచి కాకుండా మెడలోంచి వస్తుంటే నన్ను చూసి నేనే భయపడ్డాను. ట్యూబ్ తీసేస్తారనుకున్న సమయానికి లోపల కుట్ల దగ్గర లీక్ అన్నారు. "ఓపిక పట్టాలి. నోటితో చుక్క నీళ్లు కూడా వద్దు" అన్నారు డాక్టరు. నర్సమ్మ రాసుకోమని తెల్లబోర్డు ఇచ్చింది. నా రాత నాకే చదవరాదు. కోపంతో దాన్ని మంచం కిందికి తోశాను.

ఆ రోజుల్లోనే సరిత దవాఖానకు వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"రికార్డు ఇన్న. అన్ని చెప్పినవ్ బాపు. భివండికి రాంగనే సప్పుడే లేదు. అమ్మ నవ్వుడు ఇనబడుతది, ఏడ్సుడు ఇనబడుతది, నీ మాట ఒక్కటి లేదు. నా ముచ్చట చెప్ప బుద్ధిగాలేదా నీకు?"

నేనూ రాజవ్వా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "అయ్యో, నా బుద్ధి మన్నుగాను!" అని ఆమె నెత్తి కొట్టుకుంది.

సాంచాల కార్ఖానాలో పని చేసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ మోతలో చెవిలో అరిచినా వినబడదు. అందుకని మేం గొంతు వాడం. పెదవులు కదిపి, చేతులు ఆడించి ఆ మూల నుంచి ఈ మూలకు మాట్లాడుకుంటాం. నేను జాబర్‌ను, సాంచాలు బాగుచేసేవాణ్ణి. రాజవ్వ అక్కడే నూలు కండెలు చుట్టేది. అన్నేళ్ల సంసారం మేం పెదవులతోనే చేశాం. ఆ రోజు భివండి ముచ్చట చెబుతూ, ఎదురుగా ఆమె మొహం చూస్తూ, నొప్పి గొంతుకు సుఖంగా ఉండి, నాకు తెలియకుండానే పెదవుల్లోకి జారిపోయాను. ఆమెకు అన్నీ అందాయి. గొంతు ఆగిందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. తెలివితక్కువతనమంటే మాది!

నాకు గొంతు పోయింది గాని పెదవులున్నాయి. లేచి కూర్చుని సరితను నా ముందు కూర్చోమన్నాను, ఫోన్ వీడియోలో పెట్టమని సైగ చేశాను. నేను పెదవులతో చెప్పాను, రాజవ్వ పైకి చెప్పింది.

"మీ బాపు ఏమంటుండో ఇను బిడ్డా. నిన్ను నా కండెల రాట్నం పక్కన చీర ఉయ్యాలల పండవెడుతుంటిమి. మోతల మంచిగ పండుతుంటివి. కరెంటు పోయి సాంచాలు ఆగితెనే లేసి ఏడుస్తుంటివి. నాలుగేండ్లొచ్చినయి, నోట్లకెల్లి ఒక్క మాట రాకపాయె. ఆకలైనా పెదువులే, నీళ్లకైనా చెయ్యే. మాలెక్కనే మాట్లాడుతుంటివి. మీ బాపయితే నా బిడ్డ పుట్టు జాబర్ అని మురుసుడు!"

సరిత ఫోన్ పట్టుకునే ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"బతుకమ్మకు ఊరికొస్తే పోరగాండ్లు నిన్ను మూగది అన్నరు. మీ నాయినమ్మ, దీన్ని గీడ్నే ఉంచున్రి, నోరు నేను తెరిపిస్త అన్నది. మనసు సంపుకొని ఇడిసిపోయినం. మూగది అన్న మాట నీ చెవుల వడొద్దనే సదువు కోసమని చెప్పుకుంటొచ్చినం. ఏడాదికి మల్లొస్తే, వాడకట్టు మొగలకెల్లి నువ్వు బాపూ అని ఒర్లుకుంట ఉరికొచ్చినవ్. వాడ వాడంత బయటికొచ్చింది. మీ బాపు గారోజు ఎగిరి గంతేసిండు."

సరిత నా మెడ కట్టు చూసుకుని, ఒత్తకుండా, నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. లీక్ మానకముందే నా గుండె బరువు దిగింది.

ఇప్పుడు రేడియేషన్ కూడా అయిపోయింది. చెకప్‌కు వెళ్తే "నో రికరెన్స్" అంటున్నారు. మెడ రంధ్రానికి తడిగుడ్డ కట్టుకుని బజారుకు వెళ్తాను. మెడకు ఆనించి మాట్లాడే మిషన్ ఇచ్చారు. దాంతో మాట్లాడితే పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. వీలైన ఆదివారమల్లా సరిత వస్తుంది, వీడియో తీస్తుంది. నేను కొంచెం గొప్పలు పోతే రాజవ్వ పైకి చెప్పడం ఆపి, "అబద్ధం. గట్ల గాలేదు" అంటుంది. అదీ రికార్డవుతుంది. ఉండనీ.

మీ ఇంట్లో పెద్దవాళ్ల కథ రికార్డు చేయాలనుకుంటే ఒక్కటే చెబుతాను. ఫోన్ వాళ్ల చేతికిచ్చి వెళ్లిపోకండి. మొహం కనబడేలా వీడియో పెట్టి, మీరు ఎదురుగా కూర్చుని వినండి.

మొన్న ఆదివారం వీడియో మధ్యలో రాజవ్వ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. మిషన్ కూడా తనే చార్జింగుకు పెట్టింది. నేను ఊరికే ఉండలేక, నీ అసొంటి బిడ్డ ఈ సిద్దిపేటల లేదు అని పెదవులు కదిపాను. సరిత వాళ్లమ్మ కోసం చూడలేదు. నా మొహంలోకి చూసి, గొంతు ఎత్తకుండా, పెదవులతోనే జవాబిచ్చింది.

"తెల్సు బాపు."