తాండూరు డాబాల మీద శిరీష సోలో

నా రిటైర్మెంట్‌కు ముందటి ఏడాది, దసరా సెలవులు అయిపోయిన వారం, మా విమాన శిక్షణ బడిలో ర్యాంప్ సూపర్‌వైజర్‌గా నాకు ఒక సోలో డ్యూటీ పడింది. ర్యాంప్ అంటే విమానాలు నిలబెట్టే సిమెంటు జాగా. అక్కడ నా హోదా పైలట్ల కంటే కింద, కుక్కల కంటే పైన. రన్‌వే మీదికి వచ్చే కుక్కల్ని తోలేది కూడా నేనే కాబట్టి ఈ మాట అధికారికంగానే చెపుతున్నాను. వికారాబాద్‌లో ఎనిమిదో తరగతి కాడ బడికీ నాకూ పడక విడిపోయినం. ఈ బడిలో మాత్రం ఒక్క పరీక్ష కూడా రాయకుండా పింఛను వయసు దాకా ఉన్నాను.

సోలో అంటే పక్క సీట్లో నేర్పే కెప్టెన్ లేకుండా విద్యార్థి ఒక్కడే విమానం తోలడం. మొదట రన్‌వే చుట్టూ తిప్పిస్తారు. అది వచ్చినంక ఊర్ల మీదికి పంపుతారు. ఆ రోజు దారి ఇది: మా రన్‌వే నుంచి వికారాబాద్, అక్కడి నుంచి తాండూరు, తాండూరు నుంచి మళ్లీ వికారాబాద్ మీదుగా వెనక్కి. ప్రతి ఊరి మీద రేడియోలో టైము చెప్పాలి, దిక్సూచి చూసుకోవాలి, తర్వాతి దిక్కుకు మలగాలి. ఆగి చూసే పని లేదు.

పోయేది శిరీష. తాండూరులో నాపరాళ్లు పాలిష్ పట్టే మిషన్ మీద పనిచేసే ఆయన బిడ్డ. ముందే ఒకసారి దారి తప్పి, కెప్టెన్ పక్కనే ఉన్నందుకు బయటపడింది. ఇంకోసారి తప్పితే పేరు తీసేస్తానని కెప్టెన్ అందరి ముందర చెప్పి ఉన్నాడు. మా కెప్టెన్ మిలిటరీ విమానాలు తోలి వచ్చిన మనిషి. తమాషాకు కూడా అబద్ధం ఆడడు, తమాషా కూడా ఆడడు.

నేను ట్యాంకులో పుల్ల ముంచి పెట్రోలు కొలిచిన. అడుగు నుంచి గ్లాసెడు తీసి, నీళ్లు కలిసినయా అని ఎండకు పట్టి చూసిన. చక్రాల కింది అడ్డుచెక్కలు తీసిన.

"ఏం బిడ్డా, ఫికర్ అయితుందా?" అన్న.

"సొంతూరికి పోతున్న అంకుల్, ఫికర్ ఎందుకు?" అన్నది.

సొంతూరి సంగతే ఫికరని ఆమెకు తెలవదు, నాకూ తెలవదు.

తర్వాత తెలిసిందేమంటే, ముందు రాత్రి ఫోన్‌లో వాళ్లమ్మకు, "పైనుంచి మనిల్లు గుర్తుపట్టాలె, డాబా మీద ఎర్ర చీర పరువు" అని చెప్పిందట. వాళ్లమ్మ అనసూయమ్మ పరిచింది. పరిచి ఊరుకుంటే నేను ఇది రాసే పని ఉండకపోవు. గల్లీ మొత్తానికి చెప్పింది. శిరీష మా పిల్ల కాదా అని ఎదురింటివాళ్లు ఒకటి పరిచినరు, వెనకింటివాళ్లు రెండు. పక్కింటి ఖాజాబీ తన కోడలు పెండ్లి దుపట్టా తెచ్చి పరిచింది. విమానం వచ్చే వేళకు ఆ గల్లీలో ఎర్ర బట్ట లేని డాబా లేదు.

శిరీష వికారాబాద్ మీద సరైన టైముకే మాట్లాడింది. తాండూరు మీదా మాట్లాడింది. తర్వాత ఏది తన ఇల్లో తేలక చుట్టు కొట్టింది. ఇంకో చుట్టు కొట్టింది. తేల్లేదు. పరేషాన్ అయి, దిక్సూచి చూడడం మరిచి, కింద కనిపించిన రైలు పట్టా పట్టుకొని బయలుదేరింది. రైలు పట్టాకు రెండు దిక్కులుంటయి. ఒకటి వికారాబాద్‌కు వస్తది, ఇంకోటి కర్ణాటకకు పోతది. పైనుంచి చూస్తే రెండూ ఒక్క తీరే.

ఇవతల రేడియో గదిలో, వికారాబాద్‌కు తిరిగొచ్చే టైము దాటిందని కెప్టెన్ గడియారం చూస్తున్నాడు. వికారాబాద్ కనిపిస్తుందా అని అడిగినాడు. ఇంకా లేదు, ముందర మబ్బుంది, దారి మీదనే ఉన్న అని జవాబు. కిటికీ బయట మా ఆకాశం గిన్నె తోమినట్టుంది.

కెప్టెన్ నా దిక్కు తిరిగి, "యాదయ్యా, తాండూరులో ఎవరన్నా చూసి ఉంటరా? అడుగు" అన్నాడు.

అత్యవసరానికని ప్రతి విద్యార్థి దగ్గర ఇంటి నంబరు తీసుకుంటాం. కలిపిన. అనసూయమ్మ డాబా మీద నుంచే ఎత్తింది.

"అమ్మా, మీ బిడ్డ విమానం కనబడ్డదా?"

"కనబడకేం సార్! రెండు చుట్లు కొట్టింది. అయితే మా ఇంటి మీద కాదు, వెనక గల్లీ మీద. జర ఇంకో చుట్టు కొట్టమని చెప్పుండ్రి సార్, పుణ్యముంటది."

"చెప్త గని, ఇప్పుడు ఎటు పోయింది?"

"పట్టా వెంబడి కర్ణాటక దిక్కు, సేడం పక్కకు పోయింది. ఎందుకు సార్, అక్కడ మాకు చుట్టాలు కూడా లేరు!"

కెప్టెన్‌కు చెప్పిన, చుట్టాల సంగతి వదిలేసి. ఆయన ఒక్క క్షణం రేడియో చూసినాడు, ఒక్క క్షణం నా ఫోన్ చూసినాడు. చదువుకున్న పైలట్ దారి మీదనే ఉన్ననంటుంది, డాబా మీది అమ్మ లేదంటుంది. ఆయన గొంతు పెంచకుండా రేడియోలో శిరీషను ఒకటే అడిగినాడు: ఎండ నీ ముఖం మీద పడుతుందా, వీపు మీదనా?

పొద్దున పూట ఇటు వచ్చేవాళ్లకు ఎండ ముఖం మీద పడాలె. పోయి రాగా మిగిలేది ముప్పావు గంట పెట్రోలు. నేనే కొలిచి పోసిన కాబట్టి అది ఎట్ల కరుగుతుందో నాకు కళ్లకు కట్టినట్టుంది. అప్పుడు రేడియోలో చిన్న గొంతుతో జవాబు వచ్చింది: "వీపు మీద సార్. నేనెక్కడున్ననో నాకు తెలుస్తలేదు."

"మంచిది. ఇప్పుడు వెనక్కి తిరుగు" అన్నాడు కెప్టెన్.

దిగినంక నేను ట్యాంకులో పుల్ల ముంచితే కొస ఒక్కటే తడిసింది. కెప్టెన్ రెక్క కింద నిలబడి, తెలవదని మొదలే ఎందుకు చెప్పలేదని అడిగినాడు.

"తాండూరు మీద తప్పిపోయిన అని తాండూరు పిల్ల ఎట్ల చెప్తది సార్?" అన్నది శిరీష తల దించుకొని.

ఇంక పేరు తీసేస్తాడనుకొని, నేను చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టుకుంట విన్న. తీయలేదు. చుట్లు కొట్టినందుకు, దారి మీదనే ఉన్ననన్నందుకు రెండు వారాలు నేల మీదనే ఉండమన్నాడు. తెలవదు అన్న ఒక్క మాటకు పేరు ఉంచుతున్న అన్నాడు. రెండు వారాలైనంక అదే దారిలో మళ్లీ పంపినాడు. ఈసారి శిరీష తాండూరు మీద టైము చెప్పి, మలిగి, వచ్చేసింది.

ఆమె దిగిందో లేదో నాకు ఫోన్ వచ్చింది. "ఇదేం చదువు సార్, కన్నతల్లి ఇంటి మీద ఒక్క చుట్టన్న కొట్టలే!" అని అనసూయమ్మ మస్తు గరమైంది. పాసైంది అమ్మా అని చెప్పి పెట్టేసిన.

ఆ సంఘటన నుంచి నేను నేర్చుకున్నది రెండు ముక్కలు. దారి తప్పడం శిక్షణలో భాగమే, దానికి బడి దగ్గర పెట్రోలు ఉంటది. తప్పలేదని చెప్పేటోళ్లకు సరిపడా పెట్రోలు మాత్రం ఏ ట్యాంకులోనూ పట్టదు.