కళ్ళు మూసుకునే పెద్దమ్మ

నలిగిన గుండెల పక్కనే నిలిచే దేవునికి మహిమ కలుగును గాక.

నకిరేకల్‌లో మా సంఘానికి ఒక పెద్దమ్మ వచ్చేది. వాళ్ళది మగ్గం నేసే ఇల్లు. ప్రార్థన మొదలైతే ఆమె కళ్ళు గట్టిగా మూసుకునేది. కొడుకు బాప్తిస్మం రోజునా అంతే. అతను నీళ్ళలోంచి లేచిన క్షణం ఆమె చూడనే లేదు. మరుసటి ఏడాది అతను జ్వరంతో పోయాడు.

ఆ బాప్తిస్మం వీడియో పెద్దమ్మ ఇంట్లో బ్లూరే డిస్కులో ఉంది. కానీ ప్లేయర్ రిమోట్ పోయింది, అది లేకపోతే డిస్కు మొదట వచ్చే మెనూ బొమ్మ దగ్గరే ఆగిపోతుంది. ఏ ప్లేయర్‌కైనా పనిచేసే పాత యూనివర్సల్ రిమోట్ మా ఇంట్లో ఉంటే తీసుకెళ్ళాను. బటన్ నొక్కిన ప్రతిసారీ అది ప్లేయర్‌ను ఆపేసే ఒక కొత్త కోడ్ పంపుతుంది. ప్లేయర్ లైటు ఆరిందంటే అదే సరైన కోడ్, అక్కడే ఆపాలి.

“పెద్దమ్మా, నువ్వు లైటు చూడు. ఆరంగనే చెప్పు” అన్నాను.

చాలాసేపు నొక్కి తలెత్తితే, లైటు ఎప్పుడో ఆరిపోయింది. పెద్దమ్మ కళ్ళు మూసుకొని గొణుగుతోంది.

“ఇదేంది పెద్దమ్మా! లైటు చూడమంటే ప్రార్థన చేస్తున్నవా?”

“అయ్యో, జల్ది దొరకాలని దేవున్ని అడుగుతున్న బిడ్డా! మళ్ళ నొక్కు. ఈసారి కండ్లు తెరిచే అడుగుత.”

ప్లేయర్ మళ్ళీ ఆన్ చేసి, మొదటినుంచి నొక్కాను. “ఆరింది, ఆపు!” అని అరిచింది.

అదే రిమోట్‌తో ప్లేయర్ ఆన్ చేసి ప్లే నొక్కితే వీడియో నడిచింది. కొడుకు నీళ్ళలోంచి లేచి, ముఖం తుడుచుకొని, ముందుగా తల్లివైపే చూశాడు. ఒడ్డున ఆమె కళ్ళు మూసుకొని నిలబడి ఉంది.

పెద్దమ్మ టీవీ దగ్గరికి జరిగింది. “చూస్తున్న కొడుకా. ఇగో, ఇప్పుడు చూస్తున్న.”

బిడ్డలను మట్టికి అప్పగించిన తల్లులను ప్రభువు ఆదరించాలని నాతో కలిసి ప్రార్థించండి.